సున్నాకి సంతోషించినవాణ్ణి

ఫారాలు నింపడంలో ఈ ఫ్రిస్కోలో నన్ను మించినవాడు లేడని నాకో గొప్ప. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్ళో మా వీధివాళ్ళెవరు వీసా స్టాంపింగ్‌కి బయల్దేరినా ముందు మా ఇంటికొచ్చి, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నా ముందు పెట్టి, కాఫీ తాగి వెళతారు. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా ఉంటే ఏం చెయ్యాలో, ఏ గడి ఖాళీగా వదలొచ్చో నాకు కంఠతా వచ్చు. 2009లో ఇక్కడికొచ్చినప్పటి నుంచీ నా సంసారం ఫారాల మీదే నడుస్తోంది. ఇంత చేయి తిరిగినవాణ్ణి, ఒకే ఒక్క ఫారం తప్పు నింపాను. అది నాది కూడా కాదు, మా అమ్మాయిది.

2021 ఆగస్టు. బళ్ళు తెరవబోయే ముందు ఏటా చేయించే చెకప్‌కి తీసుకెళ్ళాను. అప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. నర్సు ఓ అట్ట తెచ్చి దాని చేతిలో పెట్టింది. మనం పరీక్షలకి తీసుకెళ్ళేవాళ్ళమే, క్లిప్పున్న అట్ట, అచ్చం అలాంటిదే. దానికో కాగితం. "ఇది అమ్మాయి నింపాలి" అని చెప్పి వెళ్ళిపోయింది. తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో దేని మీదా మనసు పోకుండా ఉందా, దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇలా. ఒక్కోదానికీ నాలుగు గడులు. అస్సలు లేదంటే సున్నా, దాదాపు రోజూ అంటే మూడు. దాని పేరు పిహెచ్‌క్యూ-9 అనీ, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకి డిప్రెషన్ ఉందేమో ఇలా అడిగి చూడాలని ఈ దేశపు వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయనీ నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసిందల్లా రెండింటికి మీటింగ్ ఉందని.

అమ్మాయి మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. కలం కాగితం మీద ఆనించింది, తీసింది, మళ్ళీ ఆనించింది. గడియారం చూసుకుని "ఇలా తే" అని అట్ట లాక్కున్నాను. "నిద్ర పడుతోందిగా?" అన్నాను. "ఆఁ" అంది నేల వైపు చూస్తూ. టిక్కు. "అన్నం తింటున్నావుగా?" టిక్కు. ఇక ఆ తర్వాతవి అడగనే లేదు. ఆరో ప్రశ్న, నువ్వు దేనికీ పనికిరావనీ ఇంట్లోవాళ్ళ ఆశ వమ్ము చేశావనీ అనిపిస్తోందా అని. మా పిల్లకి అలా ఎందుకనిపిస్తుంది? టిక్కు. తొమ్మిదోది చదివితే ఒళ్ళు మండింది. చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అని పసిపిల్లల్ని అడుగుతారా, లేనిపోని ఆలోచనలు వీళ్ళే ఎక్కించేట్టున్నారే అనుకుంటూ దానికీ టిక్కు కొట్టాను. మొత్తం కూడితే సున్నా. క్విజ్‌లో తొంభై ఆరొస్తే మిగతా నాలుగూ ఎక్కడ పోయాయని అడిగే తండ్రిని, పిల్లకి సున్నా వచ్చిందని సంతోషించింది ఆ ఒక్కరోజే.

సంతోషంలో ఓ రహస్యం కూడా ఉంది. అది ఇన్నాళ్ళూ మా ఆవిడకి కూడా చెప్పలేదు. పిల్లకి మనసు బాగాలేదని రికార్డుల్లోకి ఎక్కితే రేపు గ్రీన్‌కార్డు దగ్గర అడ్డమొస్తుందని నా భయం. గ్రీన్‌కార్డుకి ముందు జరిగే వైద్య పరీక్షకి ఐ-693 అని ఫారం ఉంటుంది. అందులో మానసిక జబ్బుల మాట ఉంది. నేను ఆ మాట వరకే చదివాను. జబ్బు ఉన్నంత మాత్రాన ఏమీ కాదనీ, దాంతో పాటు తనకో ఎదుటివాళ్ళకో హాని చేసే ప్రవర్తన ఉందా అనేదే వాళ్ళు చూస్తారనీ, దిగులుకి వైద్యం చేయించుకోవడం తప్పుగా లెక్కకి రాదనీ మిగతా వాక్యం చదివితే తెలిసేది. ఊరందరికీ ఫారాలు నింపిపెట్టేవాణ్ణి, నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి సగం వాక్యంతో సరిపెట్టుకున్నాను.

అంతకు రెండేళ్ళ ముందే సంగతి ఇంట్లో ఒకళ్ళకి తెలుసు. మా అమ్మకి. 2019లో విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు మా దగ్గరుంది. అప్పట్లో అమ్మాయికి ఆదివారం రాత్రయ్యేసరికి కడుపు నొప్పి వచ్చేది. మెలికలు తిరిగిపోయేది. అమ్మ వాము నీళ్ళు ఇచ్చింది, బొడ్డు చుట్టూ ఆముదం రాసింది, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకి పొగ అలారం మోగి ఇల్లంతా గగ్గోలు. నాలుగో వారం అమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, ఇది కడుపు నొప్పి కాదురా. పిల్ల దేనికో బెంగ పెట్టుకుంది" అంది.

నేను నవ్వాను. "ఇక్కడి పిల్లలకి బెంగలుండవమ్మా. దానికో గది, దానికో ల్యాప్‌టాప్. దేనికి బెంగ?" అన్నాను.

బెంగ సంగతి తెలియని ఇంట్లో పుట్టినవాణ్ణి కూడా కాదు. తెనాలి పక్కన మా పల్లెటూళ్ళో మా నాన్న ఓసారి దుగ్గిరాల నుంచి గేదెని కొనుక్కొచ్చాడు. అది వారం రోజులు మేత ముట్టలేదు. పాత ఇంటి మీద బెంగ అన్నారు అందరూ. మా నాయనమ్మ గొడ్ల చావిట్లో దాని పక్కనే మంచం వాల్చుకుని నాలుగు రాత్రులు పడుకుంది. కొత్తగా బళ్ళో వేసిన పిల్లాడికి జ్వరం తగిలితే బెంగ. అత్తారింటికి వెళ్ళిన పిల్ల చిక్కిపోతే బెంగ. మనసుకొచ్చింది ఒంట్లో బయటపడుతుందని ఏ కాలేజీకీ వెళ్ళని ఆ ఆడవాళ్ళకి తెలుసు. డెబ్భై ఏళ్ళ మా అమ్మ ఇంగ్లీషు ముక్క రాకుండా, పిల్లతో సరిగా మాట్లాడే భాష కూడా లేకుండా, నాలుగు వారాల్లో పట్టేసింది. నేను కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయించాను. అంతా శుభ్రంగా ఉందన్నాడాయన. "ఒత్తిడి వల్ల కావచ్చు, బడిలో ఏమైనా ఉందేమో కనుక్కోండి" అని కూడా అన్నాడు. "ఏడో క్లాసు పిల్లకి ఒత్తిడేంటండీ, ఈఎంఐలు కడుతోందా?" అన్నాను. నా జోక్‌కి నేనే నవ్వుకున్నాను. ఇంటికొచ్చాక పిల్లతో, "రిపోర్టులన్నీ నార్మల్. ఇక నొప్పి అనకు" అన్నాను. నిజంగానే ఇక అనలేదు. నొప్పి పోయిందనుకున్నాను.

ఇంత మొద్దుతనం నాకెక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఇంటర్మీడియట్ బెజవాడ దగ్గర ఓ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లవారుజామున నాలుగున్నరకి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, సోమవారం సోమవారం గోడ మీద ర్యాంకుల జాబితా. రెండో నెలలో గోడ దూకి, టిక్కెట్టు లేకుండా ప్యాసింజరెక్కి, తెనాలిలో దిగి ఇంటికి చేరాను. మా నాన్న ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టించి, తర్వాతి బస్సుకే వెనక్కి తీసుకెళ్ళాడు. బస్టాండులో గోళీసోడా కొట్టించి ఇచ్చాడు. కాలేజీ గేటు దగ్గర దింపి "బాగా చదువుకో" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇదంతా నాకు ఓ హాస్య కథ. మా ఇంటికి ఎవరు భోజనానికొచ్చినా చెప్పేవాణ్ణి. గోళీసోడా దగ్గర అందరూ నవ్వేవాళ్ళు. కథ చివర నీతి కూడా ఉండేది: "ఆ రోజు మా నాన్న జాలిపడి ఇంట్లో ఉంచుకుని ఉంటే నేనిక్కడ ఉండేవాణ్ణా?" ఆ మాట అంటూ పిల్లల వైపు చూసేవాణ్ణి.

ఆ చూపు మా అమ్మాయి మీదే ఎక్కువ ఆగేది. దానికి కారణం ఉంది. అది హైదరాబాదులో పుట్టింది. రెండేళ్ళప్పుడు చంకనెత్తుకుని తీసుకొచ్చాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అమ్మాయిది హెచ్-4, నా ఉద్యోగం వీసాకి తగిలించిన వీసా. అది ఇరవై ఒకటో పుట్టినరోజు దాకానే. ఆలోగా నాకు గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థులకిచ్చే ఎఫ్-1 లాంటి వేరే వీసా చూసుకోవాలి, లేదంటే దేశం విడిచి వెళ్ళాలి. ఉద్యోగాల కోటాలో ఈ దేశం ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు లక్షా నలభై వేలు. ఏ ఒక్క దేశంవాళ్ళకీ అందులో ఏడు శాతానికి మించి ఇవ్వకూడదని నియమం. ఇండియా నుంచి వచ్చిన మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2014 తేదీతో వరసలో నిలబడ్డ నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను.

ఆ వరసలో కూడా ఓ ఘనకార్యం చేశాను. నా గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 దరఖాస్తుని పదిహేను రోజుల్లో తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌కి 1,225 డాలర్లు అదనంగా కట్టించాను. పదకొండో రోజే ఆమోదం వచ్చింది, స్వీట్లు పంచాను. పిల్లల వయసు లెక్కకట్టడానికి 2002లో చట్టం ఒకటి చేశారు. దాని ప్రకారం ఆ దరఖాస్తు ఎన్నాళ్ళు పెండింగులో ఉంటే అన్నాళ్ళు పిల్ల వయసులోంచి తీసేస్తారు. నెమ్మదిగా ఎనిమిది నెలలు పట్టి ఉంటే అమ్మాయికి ఎనిమిది నెలలు కలిసొచ్చేవి. నేను డబ్బు కట్టి మరీ పదకొండు రోజులు సంపాదించిపెట్టాను.

మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలన్నీ ఇవే. మా నాన్న తద్దినం తేదీ మర్చిపోయిన సంవత్సరం ఉంది కానీ, ఏ తేదీవాళ్ళ వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ వచ్చే రోజు ఎన్నడూ మర్చిపోలేదు. తేదీ ముందుకి జరిగితే ఆ రాత్రి పెరుగన్నంలో మామిడిపండు. వెనక్కి పోతే ఎవరూ మాట్లాడకూడదు. పదేళ్ళ పిల్ల పళ్ళెం ముందు కూర్చుని ఇదంతా వింటోందని నాకు తట్టలేదు. పదహారేళ్ళప్పుడు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. వీసా మీద ఉన్నవాళ్ళకి టెక్సాస్‌లో ఇచ్చే లైసెన్సు మీద లిమిటెడ్ టర్మ్ అని అచ్చు వేస్తారు. స్నేహితులందరూ లైసెన్సులు ఫొటో తీసి పంపుకుంటుంటే, ఇది ఆ రెండు మాటల మీద బొటనవేలు పెట్టి ఫొటో తీసింది. వేసవిలో వాళ్ళంతా ఐస్‌క్రీం షాపుల్లో పనికి కుదిరారు. హెచ్-4 పిల్లలు పని చేయకూడదు. అది చెప్పుకోలేక, "మా నాన్న ఒప్పుకోడు" అని వాళ్ళతో అందట. అలా వాళ్ళ దృష్టిలో నేను ఓ చండశాసనుణ్ణి అయ్యాను. ఆ కథలో నా పాత్ర నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇవి చాలవన్నట్టు ర్యాంకు. బళ్ళో పైనున్న కొద్ది శాతం పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం చేస్తూ టెక్సాస్ 1997లోనే చట్టం చేసింది. ఆస్టిన్‌లోని పెద్ద యూనివర్సిటీకి మా అమ్మాయి బ్యాచి నాటికి అది ఆరు శాతం. ఆ సంగతి తెలిసిన రోజు నాకు సొంత ఊరికొచ్చినట్టనిపించింది. సముద్రాలు దాటి వచ్చినా గోడ మీద జాబితా దొరికింది కదా! అప్పటి నుంచి పిల్ల బడి నుంచి రాగానే "ఏం తిన్నావ్" అని అడగడం మానేసి "ఎంతలో ఉన్నావ్" అని అడిగేవాణ్ణి.

2021 డిసెంబరులో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి, పిల్లల మానసిక ఆరోగ్యం ప్రమాదంలో ఉందని దేశమంతటికీ హెచ్చరిక పత్రం విడుదల చేశాడు. ఆయన తల్లిదండ్రులు కర్ణాటక నుంచి వలస వెళ్ళినవాళ్ళు. "మన పక్క రాష్ట్రంవాళ్ళ అబ్బాయి ఎంతవాడయ్యాడో చూడండి" అని ఆ వార్త నాలుగు వాట్సాప్ గ్రూపులకి పంపాను. లింకు మాత్రం తెరవలేదు. మా అమ్మాయి అప్పుడు పక్క గదిలోనే ఉంది.

2023 అక్టోబరులో ఓ మధ్యాహ్నం బడి నుంచి ఫోన్. వెంటనే రమ్మన్నారు. అమ్మాయి తన స్నేహితురాలితో బతకాలని లేదు అందట. ఆ పిల్ల పుణ్యాత్మురాలు, మాటిచ్చిన రహస్యాన్ని పక్కనపెట్టి తిన్నగా కౌన్సిలర్ దగ్గరికి పరిగెత్తింది. కౌన్సిలర్ అంతా చెప్పింది. నేను విన్నాను. విని, నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న: "ఇది రికార్డులోకి ఎక్కుతుందా?"

ఆవిడ కాసేపు నా వైపు చూసి, "మీ అమ్మాయి పక్క గదిలో ఉంది. ముందు వెళ్ళి చూడండి" అంది.

రెండో ప్రశ్న కార్లో అడిగాను. "నీకేం తక్కువ చేశామమ్మా?" ఈ ప్రశ్న అడగని తెలుగు తండ్రి ఉండడేమో. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏం తక్కువ చేయలేదు నాన్నా. అందుకే చెప్పలేదు" అంది. ఇల్లొచ్చేదాకా మళ్ళీ ఏమీ అడగలేదు. తెలివొచ్చి కాదు, నోరు పెగల్లేదు.

మర్నాడు అదే క్లినిక్, అదే అట్ట. ఈసారి డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టింది. అమ్మాయి తనే నింపింది. తన అనుమతి తీసుకుని తర్వాత చెప్పారు, ఇరవై ఏడుకి పదిహేడు. పదిహేను దాటితే తీవ్రత ఎక్కువగా ఉన్నట్టట. రెండేళ్ళ కింద నేను వేసిన సున్నా కూడా ఆ ఫైల్లోనే ఉంది. "అప్పుడు సున్నా, ఇప్పుడు పదిహేడు. మధ్యలో ఏమైనా జరిగిందా?" అని డాక్టరు మామూలుగా అడిగింది. జరిగిందేమిటో చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. "ఇలాంటివి అడిగితే పిల్లలకి ఆ ఆలోచన పుడుతుందనుకున్నానండీ" అన్నాను. "అడిగితే పుట్టదు. ఉన్నది చెప్పుకోడానికి వీలవుతుంది, అంతే" అంది. ఇంట్లో మందులన్నీ తాళం వేసిన పెట్టెలో పెట్టమంది. ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చని 988 నంబరు ఇద్దరి ఫోన్లలోనూ వేయించింది. మాత్రలు రాసింది. మొదటి మాత్ర వేయకముందే "ఎప్పుడు ఆపొచ్చు?" అని అడిగిన ఘనుణ్ణి నేనే.

మాటలతో వైద్యం చేసే థెరపిస్టుని వెతకడం మరో ప్రహసనం. మన ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళయితే బాగుంటుందని మనవాళ్ళ కోసం చూశాను. తెలుగావిడ ఒకరు దొరికారు. దొరికాక భయం పట్టుకుంది. రేపు హనుమంతుడి గుళ్ళో ఎదురుపడితే? ఆవిడ భర్త మా ఆఫీసులోనే ఉంటే? పదిరోజులు అలా ఆలోచిస్తూ పోగొట్టాను. చివరికి మా ఆవిడ నా చేతిలో ఫోన్ లాక్కుని అపాయింట్‌మెంట్ తీసుకుంది. "గుళ్ళో ఎదురుపడితే నమస్కారం పెట్టండి" అంది నాతో. మొదటి రోజే ఆ థెరపిస్టు మా ముందే అమ్మాయితో చెప్పింది, ప్రాణం మీదకి వచ్చే విషయమైతే తప్ప ఇక్కడ నువ్వు చెప్పింది అమ్మకీ నాన్నకీ చెప్పనని. డబ్బు కట్టేది నేను, నాకు చెప్పరా అని లోపల గునిశాను.

నాలుగు నెలల తర్వాత ఓ రోజు మమ్మల్ని కూడా కూర్చోమన్నారు. అమ్మాయి తనే చెబుతానంది. దానికి పన్నెండేళ్ళప్పుడు నేను ఫోన్లో అన్న ఓ మాట. హైదరాబాదులో ఉన్న మా బావతో వారం వారం మాట్లాడతాను, స్పీకర్లో, గట్టిగా. ఓసారి ఆయన వీసాల సంగతి అడిగితే, "మాకేం ఫర్లేదు బావా. వీడు ఇక్కడే పుట్టాడు, వీడికీ ఫర్లేదు. దీనిదే సమస్య" అన్నానట. అనే ఉంటాను. ఒకసారి కాదు, వందసార్లు అని ఉంటాను. నా ఉద్దేశం దాని వీసా సంగతి. మెట్ల మీద కూర్చున్న పిల్లకి తెలుగు వినడం బాగా వచ్చు, అందులోని వంకరలు రావు. ఈ ఇంటికి సమస్య నేను అని అర్థమైంది దానికి. నేను లేకపోతే వీళ్ళు ముగ్గురూ హాయిగా ఉంటారని లెక్క వేసుకుంది. దానికి మేం మనబడి తెలుగు క్లాసులు చెప్పించాం, గేయాలు నేర్పించాం. అది మా మాటల్లో వేటిని గట్టిగా పట్టుకుందో మాత్రం చూసుకోలేదు.

బావతో నేను మాట్లాడేది మాకు ఆదివారం రాత్రి, వాళ్ళకి సోమవారం పొద్దున. దాని కడుపు నొప్పి ఆదివారం రాత్రి. సోమవారం పరీక్షల భయం కూడా ఉందని తనే చెప్పింది, మొత్తం నా ఫోన్ మీదికే నెట్టలేదు. కానీ ఎండోస్కోపీ గొట్టం వేసి కడుపులో వెతికించినవాణ్ణి, హాల్లో మోగుతున్న నా గొంతు ఒక్కసారి విని ఉంటే సరిపోయేది.

ఆ రోజే, వాతావరణం తేలిక చేద్దామని, నా గోళీసోడా కథ ఎత్తుకున్నాను. మామూలుగా నవ్వే చోట ఎవరూ నవ్వలేదు. "మీ నాన్నగారు వెళ్ళిపోయాక గేటు లోపల మీరేం చేశారు?" అని అడిగింది థెరపిస్టు. ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను, గేటు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. బాత్‌రూములో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజూ పైకి చెప్పలేకపోయాను. అప్పుడు అమ్మాయి అంది: "నువ్వు ఈ స్టోరీ చెప్పినప్పుడల్లా నాకు భయమేసేది నాన్నా. నేను పారిపోయి వచ్చినా నువ్వు సోడా కొనిచ్చి వెనక్కి పంపేస్తావని."

నా మూర్ఖత్వంలో అసలు లెక్క అక్కడ బయటపడింది. కష్టాన్ని నేను ర్యాంకులాగే చూశాను. నేను పడ్డది పెద్దది, దానిది చిన్నది, కాబట్టి దానికి కష్టమే లేదు. నేను వలస వచ్చింది ఇరవై తొమ్మిదో ఏట, బుద్ధిపూర్వకంగా, బెంగ తీర్చుకోవడానికి వెనక ఓ ఊరుంచుకుని. అది వచ్చింది రెండో ఏట, నా చంకలో. ఇక్కడి నుంచి పొమ్మంటే దానికి వెనక్కి వెళ్ళే ఊరు లేదు. తెనాలి నా ఊరు, దానిది కాదు. ఇలా తల్లిదండ్రుల వీసాల కింద పెరిగి ఇరవై ఒకటి ఎప్పుడొస్తుందోనని వేళ్ళు మడిచే పిల్లల్ని ఇక్కడ డాక్యుమెంటెడ్ డ్రీమర్స్ అంటున్నారు. ఆ పేరు నేను మా అమ్మాయి నోటే మొదట విన్నాను. ఫారాల పండితుణ్ణి నేను, తెలిసింది దానికి.

మొదట్లో బంధువులకి గ్యాస్ట్రిక్ ప్రాబ్లం అని చెప్పుకొచ్చాం. ఓ రోజు డీఎస్-160కి వచ్చిన మిత్రుడితో ఎందుకో నోరు జారి నిజం చెప్పేశాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి చాలాసేపు ఊరుకుని, "మావాడికి రెండేళ్ళ నుంచి" అన్నాడు. మా రెండిళ్ళ మధ్య ఉన్నది ఐదు ఇళ్ళు. ఇద్దరం రెండేళ్ళుగా గుళ్ళో ప్రసాదం తింటూ ఒకళ్ళ పిల్లల ర్యాంకులు ఒకళ్ళం అడుగుతున్నాం.

అమ్మాయికి ఇప్పుడు పద్దెనిమిది. ఆరు శాతంలో రాలేదు. వేరే యూనివర్సిటీలో చేరింది, దానికి ఇష్టమైన చదువే. మాత్రలు వాడుతోంది, మాటల వైద్యమూ సాగుతోంది. కొన్ని వారాలు బాగుంటాయి, కొన్ని ఉండవు. బాగుండని వారం ఫోన్ చేసి, "ఈ వారం బాలేదు నాన్నా, ఊరికే చెబుతున్నా" అంటుంది. ఏం చెయ్యాలో చెప్పబోయి నాలుక కరుచుకుంటాను. 2028లో దానికి ఇరవై ఒకటి. మా తేదీ వస్తుందో రాదో తెలియదు. భోజనాల దగ్గర మాత్రం ఆ మాట ఎత్తం.

కాలేజీలో చేరాక పిల్లల రికార్డుల మీద హక్కు పిల్లలదే, 1974 నుంచీ ఇక్కడ చట్టం అది. తల్లిదండ్రులకి చూపించాలంటే మామూలుగా పిల్లలు ఓ ఫారం మీద సంతకం పెట్టాలి. దింపడానికి వెళ్ళినప్పుడు ఆ ఫారం అచ్చు వేసి, పేరూ చిరునామా అన్నీ నింపి, సంతకం పెట్టాల్సిన చోట పసుపు గీత కూడా గీసి తీసుకెళ్ళాను. చూసి నవ్వింది. "చూద్దాంలే నాన్నా" అంది. వెనక్కి తెచ్చి బల్ల సొరుగులో పెట్టాను. సంతకం లేకుండా ఇంకా అందులోనే ఉంది.

ఇది చదివేవాళ్ళకి పిల్లలుంటే, మీరు ఫ్రిస్కోలో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా, బతుకుతెరువుకని శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వచ్చి స్థిరపడినా, ఒక్క మాట. ఇండియాలో టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో 988. రెండూ రాసిపెట్టుకోండి. పిల్ల బెంగ పెట్టుకుందని ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా అంటే నవ్వకండి. ఎప్పుడైనా డాక్టరు దగ్గర తొమ్మిది ప్రశ్నల అట్ట పిల్ల చేతిలో పెడితే, మీరు లేచి బయట కూర్చోండి. వెళ్ళేటప్పుడు కలం దాని దగ్గరే వదిలేయండి.